నా థ్రిల్లర్ నవల సినిమా అయింది: అగ్రిమెంట్ నుంచి ట్రైలర్ దాకా నా రివ్యూ

నా నవల ఒకటి ఈమధ్యే సినిమాగా వచ్చింది. సినిమా చూసి రివ్యూలు రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను మాత్రం నవల ఇచ్చిన మనిషిగా రాస్తున్నాను. ఒక నిర్మాణ సంస్థ చేతిలో థ్రిల్లర్ పెడితే, సంతకం పెట్టిన దగ్గర్నుంచి మొదటి ఆట పడేదాకా ఆ కథని ఎలా చూసుకున్నారు, రాసిన మనిషిని ఎలా చూసుకున్నారు అన్నదే ఇక్కడ విషయం. సంస్థ పేరూ మనుషుల పేర్లూ రాయడం లేదు. రేపు మీలో ఎవరికైనా ‘మీ నవల హక్కులు కావాలండీ’ అని ఫోన్ వస్తే ఏం అడగాలో, ఏం చూసుకోవాలో తెలియడానికి ఆ పేర్లతో పని లేదు.

ముందే చెప్పేస్తాను. స్క్రిప్టు పనికీ సౌండ్ పనికీ పూర్తి మార్కులు. అగ్రిమెంట్ విషయంలో పద్ధతిగా ఉన్నారు. ముగింపు నాకు నచ్చలేదు, ఎందుకో వివరంగా రాస్తాను. ట్రైలర్ విషయంలో కోపం ఇప్పటికీ తగ్గలేదు.

కథలో గుట్టు చెప్పకుండా ఇదంతా రాయడం కుదరదు. తెలియకూడదనుకునేవాళ్లు నవల చదివాకో సినిమా చూశాకో ఇటు రండి.

నవల్లో కథ చెప్పేది ఒక ట్రాన్‌స్క్రిప్షనిస్టు. కోర్టు వాంగ్మూలాల రికార్డింగులు విని టైపు చేయడం ఆమె ఉద్యోగం. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. పెడల్ తొక్కితే రికార్డింగు నడుస్తుంది. కాలు తీస్తే ఆగుతుంది. మళ్లీ తొక్కితే ఒకటి రెండు క్షణాలు వెనక్కి జరిగి మొదలవుతుంది, మాట తప్పిపోకుండా. ఒక రాత్రి ఆమెకి వచ్చిన ఫైళ్లలో ఏ కేసుకీ చెందని రికార్డింగు ఒకటి ఉంటుంది. ఎవరో తాము చేసిన హత్య గురించి తాపీగా, ఒక్కో వివరం చెబుతూ పోతారు. ఆమె అంతా టైపు చేస్తుంది, ఒక్క వాక్యం తప్ప. ‘చిన్నీ, ఇది నీ చేతికే వస్తుందని నాకు తెలుసు’ అన్న వాక్యం. ఆ గొంతు ఆమె అక్కది.

ఆ ట్రాన్‌స్క్రిప్టు మూడో అధ్యాయంలో మొత్తం అచ్చులో ఉంటుంది. చివరి అధ్యాయంలో అదే మళ్లీ వస్తుంది, ఈసారి వదిలేసిన వాక్యంతో సహా. మధ్యలో ఆ మాట్లాడే మనిషి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ‘అన్నారు’, ‘నవ్వారు’, ‘కాసేపు ఆగారు’ అంటూ గౌరవంగానే నడిపాను. చదివినవాళ్లలో చాలామంది మగవాడనే అనుకున్నారు. కాగితం మీద ఇది సాధ్యం. తెరమీద ఆ గొంతు ఒక్క మాట పలికితే చాలు, నవల మొత్తం కూలిపోతుంది. అందుకే ఫోన్ వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు, ఆ గొంతుని ఏం చేస్తారని. ‘అది స్క్రిప్టులో చూసుకుంటాం మేడమ్’ అన్నారు. ఆ జవాబు నాకు చాలలేదు. ఇంకా ఎవరూ దాని గురించి ఆలోచించలేదన్నమాట. అయినా మాట్లాడదామన్నాను.

అగ్రిమెంట్ సంగతి. మొదట ఆప్షన్ తీసుకున్నారు. అంటే కొంత డబ్బు ముందుగా ఇచ్చి, ఏడాదో ఏడాదిన్నరో ఆ నవలని వేరే ఎవరికీ ఇవ్వకుండా తమ దగ్గర పట్టి ఉంచుకోవడం. ఈలోగా పెట్టుబడి కుదిరి షూటింగ్ మొదలైతే మాట్లాడుకున్న పూర్తి మొత్తం వస్తుంది. కుదరకపోతే గడువు దాటగానే హక్కులు వెనక్కి వచ్చేస్తాయి, ముందు ఇచ్చిన డబ్బు మనదే. ఆప్షన్ దగ్గరే ఆగిపోయే నవలలే ఎక్కువ. కాబట్టి ఈ దశలో బంధువులకి స్వీట్లు పంచక్కర్లేదు గానీ, గడువు తేదీ, పొడిగిస్తే ఎంత ఇస్తారు, హక్కులు ఎప్పుడు తిరిగొస్తాయి అన్న మూడింటినీ మాత్రం కాగితం మీద కళ్లారా చూసుకోవాలి.

సినిమా ఒప్పందాలు చూసే లాయరుని పెట్టుకున్నాను. ఆవిడ ఫీజు నాకు దక్కిన వాటిలో చిన్న భాగం, మిగిలిన వాటికి కాపలా. మొదటి డ్రాఫ్టులో ‘ఇప్పుడున్న, ఇకముందు రాబోయే సమస్త మాధ్యమాల్లో’ అన్ని హక్కులూ వాళ్లవే అని ఉంది. ఆవిడ దాన్ని విడదీసింది. సినిమా వాళ్లది. అచ్చు పుస్తకం, ఆడియో బుక్, నాటకం నావి. సీక్వెల్ తీస్తే విడిగా డబ్బు. అదే పాత్రలతో ఇంకో నవల రాసుకునే స్వేచ్ఛ నాది. థ్రిల్లర్ రాసేవాళ్లకి ఈ చివరిది ప్రాణం. పాత్ర పోయిందంటే రాయబోయే నవలలన్నీ పోయినట్టే. సంస్థ వీటిలో దేనికీ పేచీ పెట్టలేదు. వాళ్లని మెచ్చుకోవాల్సిన చోట ఇదొకటి.

లాభంలో వాటా ఇస్తామన్నారు. ఆవిడ వద్దంది. ‘ఫారెస్ట్ గంప్’ రాసిన విన్‌స్టన్ గ్రూమ్‌కి నికర లాభంలో 3 శాతం అని రాసుకున్నారు. 1994లో వచ్చిన ఆ సినిమా ఎంత ఆడిందో అందరికీ తెలుసు. లెక్కల్లో మాత్రం ఇంకా లాభం రాలేదని తేల్చారు. నికరం అంటే ఏమేం తీసేశాక మిగిలేదో రాసేది వాళ్లే కదా. దాని బదులు బడ్జెట్‌లో ఇంత శాతం, షూటింగ్ మొదలైన రోజున చెల్లింపు అని రాయించుకున్నాం. ఆ డబ్బు చెప్పిన రోజుకే వచ్చింది.

దర్శకుడు ఎవరో తేలాకే సంతకం పెడతానన్నాను. ఇది చాదస్తం అనుకునేవాళ్లకి పాత సంగతి ఒకటి చెప్పాలి. రాబర్ట్ బ్లాక్ 1959లో రాసిన ‘సైకో’ హక్కులు పదివేల డాలర్లలోపే అమ్ముడుపోయాయి. కొంటున్నది దర్శకుడు హిచ్‌కాక్ అని ఆ బేరంలో ఎక్కడా బయటపెట్టలేదు. అంతకుముందు పెట్రీషియా హైస్మిత్ మొదటి నవల ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్’ విషయంలోనూ అంతే. పేరు దాచి 7,500 డాలర్లకి తీసుకున్నారు. కొంటున్నది ఎవరో తెలిస్తే ధర మారుతుంది. దానితోపాటు కథ ఎవరి చేతిలో పడుతోందో కూడా తెలుస్తుంది.

ఇంకొక్కటి చెప్పి అగ్రిమెంట్ వదిలేస్తాను. స్క్రిప్టు మీద నాకు ఇచ్చింది సంప్రదింపు హక్కు, ఆమోదం హక్కు కాదు. అంటే నన్ను అడగాలి, నేను చెప్పింది వినాలి, చేయాలని లేదు. కొత్త రచయితకి ఆమోదం హక్కు ఎవరూ ఇవ్వరు, నాకూ ఇవ్వలేదు. కానీ హక్కులు అమ్మేసినా రచయితకి కొన్ని మిగులుతాయి. ఈ రచన నాదని చెప్పుకోవడం, తన పరువుకి భంగం కలిగేలా వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పడం. రచయితల హక్కుల మీద దేశాలు కుదుర్చుకున్న బెర్న్ ఒప్పందంలోని 6 బిస్ అధికరణం చెప్పేది ఇదే. 1928లో రోమ్‌లో చేర్చారు. సినిమా కాగితాల్లో వీటిని వదులుకుంటున్నట్టు ఒక పేరా మామూలుగా ఉంటుంది. మా లాయరు ఆ పేరాకి ఒక మెలిక పెట్టింది. సినిమా చూశాక నాకు ఇష్టం లేకపోతే టైటిల్స్‌లోంచి నా పేరు తీయించుకోవచ్చు. ఆ అవసరం రాలేదు. అది ఉందన్న ధైర్యంతోనే తర్వాత జరిగిన సిట్టింగుల్లో నెమ్మదిగా మాట్లాడగలిగాను.

ఇప్పుడు స్క్రిప్టు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

స్క్రీన్‌ప్లే రాసిన అమ్మాయి నాకంటే బాగా చిన్నది. మొదటి సిట్టింగ్‌కి నా నవల పట్టుకుని వచ్చింది. పుస్తకం నిండా రంగు చీటీలు. నీలం, పసుపు, గులాబీ. ఒక్కోటి తీసి టేబుల్ మీద అంటిస్తూ, ‘మేడమ్, ఏం జరిగిందో నేను చదువుకున్నాను. ఎవరికి ఏది ఎప్పుడు తెలిసిందో అది మాత్రం మీ నోటితో చెప్పండి’ అంది. నీలం కథానాయికకి తెలిసినవి, గులాబీ పోలీసులకి తెలిసినవి, పసుపు పాఠకుడికి తెలిసినవి. మూడో అధ్యాయం దగ్గర నీలం చీటీ ఒకటి ఎక్కువ, పసుపు ఒకటి తక్కువ. ‘ఈ ఖాళీ మీదే కదా నవల నిలబడింది’ అని వేలు పెట్టి చూపించింది. నా నవల గురించి ఎంతోమంది మాట్లాడారు, ఎవరూ అంత సూటిగా వేలు పెట్టలేదు. సస్పెన్స్ రాసేవాళ్లం తయారుచేసేది ఆ వరసే. ఏ సంగతి ముందు, ఏది వెనక, ఎవరికి ముందు, ఎవరికి ఆఖరున. సంఘటనలు మార్చినా తట్టుకోవచ్చు, ఆ వరస చెడితే కథ చచ్చిపోతుంది. ఆ అమ్మాయి అది అర్థం చేసుకుని వచ్చింది.

కోతలు పడ్డాయి, పడతాయి. స్క్రీన్‌ప్లేలో ఒక పేజీకి తెరమీద ఒక నిమిషం అని లెక్క వేసుకుంటారు. రెండు గంటల సినిమా అంటే 120 పేజీలు, అదీ ఎక్కువ భాగం తెల్లగా ఉండే పేజీలు. నా నవల అంతకు ఎన్నో రెట్లు. ఆఫీసు రాజకీయాలు పోయాయి, పై అంతస్తు మనిషి పోయాడు, నాన్న జబ్బు గురించిన అధ్యాయాలు పోయాయి. నాన్న అధ్యాయాలు పోయినందుకు బాధపడ్డాను. అక్కాచెల్లెళ్ల మధ్య ఉన్న రుణం అక్కడే ఉంది. ఆ అమ్మాయి ఒక్క సీను మిగిల్చింది. ఆస్పత్రి వరండాలో అక్క కునికిపాట్లు పడుతుంటే చెల్లెలు ఆవిడ చెప్పులు విప్పి పక్కన పెడుతుంది. డైలాగ్ లేదు. నాన్న కనబడడు. నాలుగు అధ్యాయాల పని ఆ సీను చాలావరకు చేసింది, అన్నీ కాదు.

అసలు చిక్కు వేరు. నవల ‘నేను’ అని నడుస్తుంది. కథ చెప్పే మనిషే దాస్తోంది. వాయిస్ ఓవర్ పెడదామన్నారు నిర్మాత. ఆ అమ్మాయి ససేమిరా అంది. గిలియన్ ఫ్లిన్ తన ‘గాన్ గర్ల్’కి తనే స్క్రీన్‌ప్లే రాసుకుంది, 2014 సినిమా. అందులో డైరీ ఉంది, డైరీ అబద్ధం చెబుతుంది. కానీ డైరీ ఒక పాత్ర కావాలని రాసిపెట్టిన వస్తువు, ఆ అబద్ధం ఆ పాత్ర చేసిన పని. మా కథలో అలాంటి వస్తువు లేదు. మా కథానాయిక వాయిస్ ఓవర్‌లో దాస్తే, ప్రేక్షకుడికి అబద్ధం చెప్పింది సినిమాయే అవుతుంది. రెండోసారి చూసినవాళ్లు తిట్టుకుంటారు. ఈ వాదనకి నిర్మాత ఒప్పుకున్నారు. వాదనకి లొంగే నిర్మాత దొరకడం మాకు కలిసొచ్చింది.

మరి గొంతు? చాలా సిట్టింగులు దాని మీదే నడిచాయి. గొంతుని మార్చి వినిపిద్దామన్నారొకరు. కిడ్నాపర్ ఫోన్ లాగా ఉంటుంది, వద్దనుకున్నాం. రికార్డింగు పాడైపోయింది అందామన్నారు. పాడైతే ఆమె టైపు ఎలా చేస్తుంది? చివరికి ఆ అమ్మాయే దారి కనిపెట్టింది. రికార్డింగు హెడ్‌ఫోన్లలో ఉంది. మనకి వినబడనక్కర్లేదు. టైపు చేసేటప్పుడు కొందరు ఆ మాటల్ని పెదాలతో గొణుక్కుంటారు. కథానాయిక కూడా గొణుగుతుంది. హంతకుడి ఒప్పుకోలు మొత్తం మనం ఆమె గొంతులోనే వింటాం. ‘తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను చెప్పులు బయటే విడిచాను.’ పాపం పుణ్యం తెలియని ముఖంతో, చిన్న గొంతుతో ఆమె ఆ మాటలు అనుకుంటూ ఉంటే ప్రేక్షకుడికి తెలియకుండానే ఒక అనుమానం మొదలవుతుంది. ఇది నా నవల్లో లేదు. నవలకంటే బాగుంది.

వదిలేసిన వాక్యాన్ని కూడా అలాగే దాచారు. ఆమె గొణుగుతూ టైపు చేస్తోంది. ఒకచోట పెదాలు ఆగాయి, వేళ్లు ఆగాయి, పెడల్ మీంచి కాలు లేచింది. మళ్లీ తొక్కింది. రికార్డింగు కాస్త వెనక్కి జరిగి మొదలైంది, ఆమె తర్వాతి వాక్యం అందుకుంది. చూసేవాళ్లు సరిగ్గా వినబడక వెనక్కి వెళ్లిందనుకుంటారు. ఆ రెండు క్షణాల్లోనే అంతా జరిగిపోయింది, కళ్ల ముందే. చివర్లో అదే షాట్ మళ్లీ వస్తుంది, ఈసారి హెడ్‌ఫోన్లలో శబ్దం మనకీ వినిపిస్తుంది. మోసం లేదు, దాపరికం లేదు, ముందు చూపించిందే మళ్లీ చూపించారు. థ్రిల్లర్ రాసే ఎవరినైనా అడగండి, కోరుకునేది ఇదే.

షూటింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సెట్‌లో రచయితకి పని ఉండదు. వెళ్లిన రోజు కుర్చీ వేశారు, మర్యాదగా చూశారు. పెడల్ సీను తీస్తున్నారు. ఈ పనిలో ఏళ్లుగా ఉన్న ఒకావిడని పిలిపించి నటికి నేర్పించారు. నటి మడమ నేలకి ఆనించి మునివేళ్లతో తొక్కుతుంటే ఆవిడ ఆపి, ‘అలా కాదమ్మా, రోజంతా తొక్కేవాళ్లకి కాలు పెడల్ మీదే విశ్రాంతిగా ఉంటుంది, తీయడానికే కష్టపడాలి’ అంది. దర్శకుడు అది విని షాట్ మార్చారు. ముందు అనుకున్నది ముఖం మీద క్లోజప్. కెమెరా కిందికి దిగి కాలి మీదకి వచ్చింది. ఆ కాలు పైకి లేవడమే సీను అయింది. ఏదో ఒక ఉద్యోగం చుట్టూ అల్లిన కథ ఇచ్చేవాళ్లు ఇలాంటి మనిషిని పెట్టమని తప్పకుండా అడగండి.

రఫ్ కట్, అంటే ఎడిటింగ్‌లో తొలి కూర్పు, చూపించారు. చూపించాలని అగ్రిమెంట్‌లో ఉంది, కానీ ఊరికే మొక్కుబడిగా చూపించడం వేరు, చూపించి నోట్సు అడగడం వేరు. వీళ్లు అడిగారు. నాకు అభ్యంతరం ఒక్క చోటే గట్టిగా వచ్చింది. పెడల్ సీను మీద తాత్కాలికంగా వేరే సంగీతం పెట్టారు, కాలు లేచే చోట పెద్దగా ఒక దెబ్బ. ఇక్కడేదో జరిగింది చూడండి అని భుజం తట్టి చెబుతున్నట్టుంది. తీసేయమన్నాను. ‘సైలెన్స్ వస్తే జనం ఫోన్లు తీస్తారు మేడమ్’ అన్నారు దర్శకుడు. సౌండ్ డిజైన్ చేసినాయన నా వైపు మాట్లాడాడు. కీబోర్డు చప్పుడు, పెడల్ క్లిక్, ఆమె ఊపిరి, ఈ మూడూ తనకి వదిలేయమన్నాడు. ఆ శబ్దాలు షూటింగ్‌లో వచ్చినవి కావు, ఫోలీలో, అంటే తర్వాత స్టూడియోలో విడిగా చేసినవి. పెడల్‌కి రెండు క్లిక్‌లు, తొక్కినప్పుడొకటి, వదిలినప్పుడు కాస్త మెత్తగా ఇంకొకటి. సినిమా మొదటి పావుగంటలోనే ఆ రెండింటికీ మన చెవిని అలవాటు చేశాడు. దాంతో ఆ సీన్లో రెండో క్లిక్ తర్వాత వచ్చే ఖాళీ మనకి వినబడుతుంది. రీరికార్డింగ్ అయ్యాక మళ్లీ చూశాను. ఆ సీను మీద ఒక్క స్వరం కూడా లేదు. థియేటర్‌లో ఎవరూ ఫోన్ తీయలేదు.

ఇక ముగింపు. నవల్లో ఆమె ఆ వాక్యాన్ని పోలీసులకి ఎప్పటికీ బయటపెట్టదు. అక్క ఇంటికి వస్తుంది, భోజనాలు చేస్తారు, జీవితం నడుస్తుంది, ఇద్దరికీ అన్నీ తెలుసు. సినిమాలో ఆమె ఆ వాక్యాన్ని విడిగా ఒక కాగితం మీద టైపు చేసి డెస్కులో దాచి ఉంచుతుంది, చివర్లో పోలీసులకి ఇస్తుంది. అక్కని తీసుకెళ్తారు.

ముగింపు మార్చడమే నేరం అని నేను అనను. అగాథా క్రిస్టీ 1939లో రాసిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’లో పది మందీ చనిపోతారు. 1943లో తనే దాన్ని నాటకంగా రాసినప్పుడు ఇద్దర్ని బతికించింది. వేదిక మీద ఎవరూ మిగలకపోతే ఏం జరిగిందో చెప్పడానికి మనిషి ఉండదు. అది ఆ మాధ్యమానికి అవసరమైన మార్పు. మా సినిమాలో జరిగింది హైస్మిత్ నవలకి జరిగినలాంటిది. ఆమె ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్’ నవల్లో నాయకుడు గై హత్య చేస్తాడు. 1951 సినిమాలో చేయడు. నాయకుడి చేతులు శుభ్రంగా ఉండాలి. మాకూ అదే కారణం చెప్పారు. ‘ఆఖర్న హీరోయిన్ మీద జనానికి కోపం రాకూడదు మేడమ్.’

నా బాధ నైతికం కాదు, నిర్మాణానికి సంబంధించినది. పెడల్ మీంచి కాలు లేచిన ఆ క్షణంలో ఆమె అక్కని ఎంచుకుంది. సినిమా మొత్తం ఆ క్షణం చుట్టూ కట్టారు. కాగితం డెస్కులో ఉందని చివర్లో చెబితే, ఆమె ఏమీ ఎంచుకోలేదు, నిర్ణయం వాయిదా వేసిందంతే. రెండోసారి చూసినప్పుడు ఆ కాలు లేవడంలో బరువు ఉండదు. రెండు క్షణాల మౌనాన్ని కాపాడటానికి అంతమంది అంత పనిచేసి, ఒక్క కాగితంతో దాన్ని తేల్చేశారు. పైగా ఆ కాగితం ఎప్పుడు టైపు చేసిందో మనకి చూపించలేదు. నీలం చీటీ, పసుపు చీటీ అంత శ్రద్ధగా లెక్క చూసుకున్న స్క్రిప్టులో లెక్క తప్పిన చోటు అదొక్కటే.

నేను ఉత్తరం రాశాను. స్క్రీన్‌ప్లే అమ్మాయి కూడా విడిగా రాసింది. దర్శకుడు వినలేదని అనలేను. రెండు ముగింపులూ తీశారు, రెండూ జనానికి వేసి చూపించారు, ఎక్కువమంది మెచ్చింది ఉంచారు. నన్ను సంప్రదించారు, నా మాట ఒప్పుకోలేదు. కాగితం ప్రకారం వాళ్లు చేసింది సరైనదే.

ట్రైలర్ మాత్రం కాగితం ప్రకారం సరైనదైనా తప్పే. పబ్లిసిటీ పని వేరే వాళ్లకి అప్పజెప్పారు. వాళ్లు ఫుటేజ్ అంతా తీసుకుని రెండు నిమిషాల ట్రైలర్ కట్ చేశారు. అందులో చివరి రీలులోని ఆ రికార్డింగు తీసి, అక్క గొంతు, ‘చిన్నీ, ఇది నీ చేతికే వస్తుందని నాకు తెలుసు’ అన్న మాట, మొదటి పది సెకన్లలో పెట్టారు. ఆడగొంతు అని తెలిసిపోయింది. ఆమెని చిన్నప్పటి పేరుతో పిలిచే మనిషి అని తెలిసిపోయింది. నవల చదవని నా స్నేహితురాలు అది చూసి ఫోన్ చేసి, ‘ఏమే, అక్కేనా?’ అని అడిగింది. నేను ఏం చెప్పను?

ట్రైలర్ రిలీజైన తర్వాతే నేనూ చూశాను, స్క్రీన్‌ప్లే అమ్మాయీ చూసింది. సౌండ్ డిజైనర్‌కి కూడా తెలియదు. అడిగితే, ‘ఆ గొంతే హుక్ మేడమ్, అది లేకపోతే ఎవరూ పూర్తిగా చూడరు’ అన్నారు పబ్లిసిటీ వాళ్లు. సినిమాలో గంటన్నరకి పైగా ఆ గొంతుని వినిపించకుండా ఉండటానికి ఎంతమంది తల బద్దలు కొట్టుకున్నారో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. అడగాలని వాళ్లకీ తోచలేదు. సినిమా ఆడుతున్నప్పుడు ఆ గొణుగుడు సీన్లో జనం టెన్షన్ పడటం చూశాను. వాళ్లలో ట్రైలర్ చూడనివాళ్లు ఎందరో వెతికి తెలుసుకోవాలనిపించింది. వాళ్లే నా కథని నేను రాసిన వరసలో అందుకున్నవాళ్లు.

‘సైకో’కి హిచ్‌కాక్ చేసిన ట్రైలర్ ఆరు నిమిషాలు దాటుతుంది. ఆయనే సెట్టంతా తిరుగుతూ, ఇక్కడో ఘోరం జరిగింది, అక్కడో ఘోరం జరిగింది అంటూ గది గదీ చూపిస్తాడు. అసలు గుట్టు మాత్రం విప్పడు. విమర్శకులకి ముందస్తు ఆటలు వేయలేదు. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకి షరతు పెట్టాడు. 1960లో ఒక దర్శకుడు, ప్రేక్షకుడికి ఏది ఎప్పుడు తెలియాలి అన్నదాన్ని హాలు తలుపు దాకా కాపాడాడు. ఆసక్తి రేపడానికి గుట్టు విప్పక్కర్లేదని పబ్లిసిటీ వాళ్లకి ఇంతకంటే పాత రుజువు అక్కర్లేదు.

మిగతావి క్లుప్తంగా. టైటిల్స్‌లో నా పేరు విడి కార్డుగా, స్క్రీన్‌ప్లే కార్డు సైజులోనే వేశారు. చివరి విడత డబ్బుకి మాత్రం లాయరు ఒక మెయిల్ పెట్టాల్సి వచ్చింది, వెంటనే వచ్చింది. సినిమా పోస్టర్ అట్టతో నవల కొత్త ముద్రణ తెద్దామన్నారు పబ్లిషర్. పోస్టర్‌లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. పాత అట్టే ఉంచమన్నాను. పుస్తకం బాగానే పోతోంది.

మళ్లీ వీళ్లకి నవల ఇస్తావా అని అడుగుతున్నారు. స్క్రిప్టు చేసిన పద్ధతికి ఇస్తాను. రెండో నవల గురించి వాళ్లే అడిగారు, డ్రాఫ్టు నా టేబుల్ మీద ఉంది. ఈసారి దానికి ఒక అనుబంధం కలిపాం. ట్రైలర్, టీజర్, పోస్టర్, పాటల వీడియో, దేనిలోనూ చూపించకూడని, వినిపించకూడని సంగతుల జాబితా ఉంది. పబ్లిసిటీ పని బయటివాళ్లకి ఇచ్చినా వాళ్లకీ ఇది వర్తిస్తుంది. ట్రైలర్ విడుదలకి ముందు నాకూ స్క్రీన్‌ప్లే రచయితకీ చూపించాలి. ఆ జాబితా ఒప్పుకుంటూ నిన్న జవాబు వచ్చింది. స్క్రీన్‌ప్లే ఆ అమ్మాయే రాయాలన్న మాటకి కూడా సరేనన్నారు. దర్శకుడు ఎవరో ఇంకా తేలలేదు. తేలాక సంతకం పెడతాను.